ఒకే గాటన కట్టే ముందు

కావలి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసాలు అందాయి, అన్నీ చదివాను. అక్షరదోషాలనూ, పేరాలు విడగొట్టవలసిన చోట్లనూ నీ ప్రతి మీదనే పెన్సిలుతో గుర్తుపెట్టి తిప్పి పంపుతున్నాను కనుక వాటి ఊసు ఇక్కడ ఎత్తను. ఈ ఉత్తరంలో ఒక్క విషయం గురించే రాయదలచుకున్నాను. ఒకరినో ఇద్దరినో చూసి అందరి గురించి ఒక మాట తేల్చి చెప్పడం, అంటే సాధారణీకరణ, నీ వ్యాసాలలో తరచుగా కనిపిస్తున్నది. కొన్నిచోట్ల ఆ మాట వల్లనే వ్యాసం నిలబడింది. కొన్నిచోట్ల అప్పటిదాకా నువ్వు ఓపికగా పేర్చుకుంటూ వచ్చినదంతా ఆ మాటతోనే చెదిరిపోయింది. ఈ రెంటికీ తేడా ఎక్కడున్నదో నీకు తెలిస్తే మిగిలిన లోపాలు రాస్తూ ఉండగా వాటంతట అవే సర్దుకుంటాయి.

పొగాకు మీద నువ్వు రాసిన వ్యాసంలో రెండో పేజీ తీసి చూడు. పొగాకును ఆరబెట్టే బ్యారన్ పక్కన రేకుల షెడ్డులో కూర్చుని ఆకు గ్రేడు చేస్తున్న ఆవిడ, ఆకును తొడిమ దగ్గర పట్టుకుని, తలుపులోంచి వచ్చే వెలుతురుకు ఎదురుగా ఎత్తి, ఈనె వెంట బొటనవేలితో ఒకసారి రాసి చూసి, ఏ కుప్పలో వేయాలో తేల్చుకోవడాన్ని రాశావు. మొదట్లో మంచి పసుపురంగు ఉండి కొసన మచ్చలున్న ఆకు వచ్చినప్పుడు ఆమె చెయ్యి రెండు కుప్పల మధ్య కాసేపు ఆగిందనీ, చివరికి తక్కువ గ్రేడు వైపే వెళ్ళిందనీ, ఎందుకని నువ్వడిగితే "మంచిదాంట్లో ఏస్తే బేలు మొత్తానికీ రేటు పడిపోద్దమ్మా" అన్నదనీ రాశావు. ఇంత నిదానంగా, ఇంత దగ్గరగా చూసి రాసేవాళ్ళు ఈ మధ్య నాకు ఎక్కువగా తగలలేదు. ఆ వెంటనే, కొత్త పేరా మొదట్లో, "పల్లెటూరి స్త్రీలు సహనానికి ప్రతిరూపాలు" అని రాశావు.

ఆ వాక్యం నువ్వు చూసినదానిలోంచి రాలేదు. ఆ షెడ్డులో నీకు కనిపించింది సహనం కాదు, లెక్క. వేలంలో కొనుగోలుదారు బేలు విప్పించి ఎక్కడ చెయ్యి పెడతాడో, ఒక్క మచ్చాకు బయటపడితే ధర ఎంత దిగుతుందో ఆవిడకు తెలుసు. ఆమె తీర్పరి. నువ్వు ఆమెను తీర్పరిగానే చూపించి, మరుక్షణంలోనే ఆ తీర్పంతా చెరిపేసి, ఎప్పటినుంచో చెలామణిలో ఉన్న ఒక పొగడ్తను ఆమె మెడలో వేశావు. షెడ్డుకు పోకుండా ఇంట్లో కూర్చుని కూడా రాయగలిగిన వాక్యం అది. నీ సాధారణీకరణలలో ఏది నిలుస్తుందో ఏది నిలవదో తెలుసుకోవడానికి ఇదొక్కటే పరీక్ష పెట్టుకున్నా చాలావరకు గట్టెక్కుతావు: ఆ మాట అక్కడికి పోకముందే నీ దగ్గర ఉన్నదా, పోయి వచ్చిన తర్వాత పుట్టిందా?

ఆ మాటకొస్తే, ఆ షెడ్డులో అసలు సాధారణీకరణ చేస్తున్నది ఆవిడే. ఏ రెండు ఆకులూ ఒక్కలాగా ఉండవని ఆమెకు నీకన్నా నాకన్నా బాగా తెలుసు. అయినా వాటిని కొద్ది కుప్పలుగా విడదీయకపోతే ఆకు అమ్ముడుపోదు. మన పని కూడా దాదాపు అటువంటిదే. తేడా ఏమిటంటే ఆమె ఒక ఆకును తప్పు కుప్పలో వేస్తే ఆ నష్టం ఆ ఇంటికే తగులుతుంది, అందుకే ఆమె చెయ్యి ఆగింది. మనం ఒక మనిషిని తప్పు కుప్పలో వేస్తే మనకేమీ పోదు. నష్టం ఆ మనిషికి. మన చెయ్యి ఆగకపోవడానికి కారణం అదేనని నేను అనుకుంటాను. రచయితలు స్వభావరీత్యా దుడుకువాళ్ళని కాదు, పొరపాటుకు మూల్యం తాము చెల్లించరు గనుక దుడుకుగా ఉండగలుగుతారు. (ఇదీ సాధారణీకరణే అని నువ్వు నవ్వుకుంటావు. నవ్వుకో, కానీ ఇది తప్పని నిరూపించే రచయితలను కూడా వెతుకు. దొరికితే నాకు రాయి.)

అందువల్ల అందరి గురించీ మాట్లాడడం మానెయ్యమని నేను చెప్పడం లేదు. మానేస్తే రాయడానికి ఏమీ మిగలదు. సంతలో ఒంగోలు గిత్తను కొనబోయే రైతు మూపురం ఎత్తూ, గంగడోలు వేలాడే తీరూ, తెలుపులో మెడ దగ్గర కమ్మిన బూడిదరంగూ చూసి ఇది జాతిపశువు, ఇది కాదు అని నిమిషంలో తేలుస్తాడు. తరతరాలుగా వేల పశువులను చూసిన చూపులన్నీ కుదించుకుని అతని చూపులో కూర్చున్నాయి. పంతొమ్మిదో శతాబ్దం నుంచే సముద్రం దాటిపోయిన ఈ పశువులు బ్రెజిల్‌లో ఇవాళ కోట్ల సంఖ్యలో పెరుగుతున్నాయి. అక్కడివాళ్ళు వాటిని పిలిచేది ఒంగోలు పేరుతో కాదు, నెలోర్ అని, మన నెల్లూరు పేరుతో. జిల్లాలు కొట్లాడుకోవచ్చు గాని జాతి లక్షణాలు మాత్రం అవే.

సాధారణీకరణకు ఇంతకంటే గొప్ప ప్రయోజనం మన ప్రాంతంలోనే, మీ అమ్మగారి తరం కళ్ళముందే జరిగింది. 1990ల తొలినాళ్ళలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు రాత్రి బడుల్లో కూర్చున్న ఆడవాళ్ళు సారా గురించి మాట్లాడుకున్నారు. అంతకుముందు ఎవరి ఇంటి సంగతి వారిది. కూలి డబ్బులు సారాకొట్టుకు పోవడమూ, దెబ్బలూ, పిల్లల పస్తులూ ఎవరికి వారు తమ తలరాత అనుకున్నవే, నలుగురూ కూర్చుని చెప్పుకునేసరికి ప్రతి ఇంటి కథా ఒకటేనని తేలింది. "నా మొగుడు తాగుతాడు" అన్న వాక్యం "సారా మన ఇళ్ళను కూలుస్తున్నది" అన్న వాక్యంగా మారింది. 1992లో దూబగుంటలో సారా దుకాణాన్ని మూయించింది ఆ రెండో వాక్యమే. అది ఊరూరా పాకి, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధానికీ, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారన్నది వేరే కథ. ఎవరి బాధ వారిదేనని, ఇల్లు దాటి మాట్లాడరాదని అనుకున్నంత కాలం ఆ మాట పుట్టలేదు. కనుక సాధారణీకరణ అనగానే ముఖం చిట్లించేవాళ్ళను నమ్మకు. ఒక్కొక్కరి కష్టాన్నీ ఒక్కొక్కరి కష్టంగానే ఉంచితే దుకాణం నడిపేవాడికే లాభం.

అదే ఉద్యమం గురించి ఆ తర్వాత రాసినవాటిలో రెండు తప్పులు చూడవచ్చు. ఒకటి, పల్లె ఆడవాళ్ళందరూ వీరనారులైపోయినట్టు రాయడం. రెండోది దానికి సరిగ్గా ఎదురు, వందల ఊళ్ళ పనిని, ఆ ఉద్యమంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ అనే ఒక్క పేరుకు కుదించి రాయడం. ఆమె గొప్పతనంలో నాకు సందేహం లేదు. కానీ అందరినీ ఒకే గాటన కట్టడం ఎంత తప్పో, అందరి బరువునూ ఒక్కరి నెత్తిన పెట్టడం కూడా అంతే తప్పు.

ఇక నీ సంక్రాంతి వ్యాసానికి వస్తాను. "సంక్రాంతినాటికి ఆంధ్రదేశమంతటా పంట ఇంటికి చేరి, గాదెలు నిండి, రైతు మొహం కళకళలాడుతుంది" అని మొదలుపెట్టావు. ఇది అబద్ధం కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల మట్టుకు నిజం. నువ్వు పుట్టి పెరిగిన చోటుకు మాత్రం ఇది వర్తించదు. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపల, ఈశాన్య రుతుపవనాలతో కురుస్తుంది. పెన్నా కింద, సోమశిల ఆయకట్టులో పెద్దపంట నాట్లు ఆ వానలను చూసుకునే పడతాయి. కోతలు ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో. సంక్రాంతినాడు కోవూరు వైపు బస్సులో పోతే నీకు కనిపించేది పచ్చటి పైరు, గాదెలు కాదు. నీళ్ళు మిగిలితే వేసవిలో వేసే ఎడగారు సంగతి మళ్ళీ వేరు. పోనీ నెల్లూరంటే వరి అని రాద్దామా అంటే ఉదయగిరి మెట్టవాళ్ళు ఒప్పుకోరు. నీ కళ్ళముందున్న పచ్చటి చేలను కాదని, ఎక్కడో చదివిన గాదెలను ఎందుకు రాశావో నాకు అర్థమైంది: "ఆంధ్రదేశమంతటా" అనేసరికి వాక్యానికి ఒక నిండుదనం వస్తుంది. ఆ నిండుదనం చెవికి బాగుంటుంది. అక్కడే జాగ్రత్త పడాలి.

మన పూర్వులు ఈ విషయం మీద తలలు బాగానే పగలగొట్టుకున్నారు. తర్కం మొదలుపెట్టిన పిల్లలకు తొలి రోజుల్లోనే లక్షణానికి, అంటే నిర్వచనానికి, మూడు దోషాలు చెబుతారు. ఉదాహరణ ఆవుదే. ఆవు కపిలవర్ణం కలది అంటే అవ్యాప్తి, ఆ మాటతో తెల్ల ఆవులు, అంటే మన ఒంగోలు ఆవులన్నీ, ఆవులు కాకుండా పోతాయి. ఆవు కొమ్ములున్నది అంటే అతివ్యాప్తి, గేదెలూ మేకలూ వచ్చి చేరతాయి. ఆవుకు చీలని ఒంటి గిట్ట ఉంటుంది అంటే అసంభవం, అటువంటి ఆవే లేదు. నీ సంక్రాంతి వాక్యం అతివ్యాప్తి. పొగాకు వ్యాసంలో సహనమూర్తుల వాక్యం నువ్వు చూసిన మనిషి మట్టుకు అసంభవానికి దగ్గరగా ఉన్నది. రాసిన ప్రతి సాధారణ వాక్యానికీ ఈ మూడు ప్రశ్నలు వేసుకోవడానికి ఎంతో సమయం పట్టదు.

దీనికంటే లోతైనది ఇంకొకటి వాళ్ళే చెప్పారు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, నిజమే. కానీ తిప్పి, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందనకూడదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంటుంది, పొగ ఉండదు. పచ్చి కట్టె తోడైతేనే నిప్పుకు పొగ వస్తుంది. ఆ పచ్చి కట్టెను వాళ్ళు ఉపాధి అన్నారు. పైకి కనిపించని ఆ షరతును పట్టుకోవడమే రచయిత చేయవలసిన పని అని నాకు అనిపిస్తుంది. వలసల మీది వ్యాసంలో "చదువుకున్న పిల్లలు పల్లెను ప్రేమించరు, పట్నం పారిపోతారు" అని రాశావు. చదువు నిప్పు, వలస పొగ. పచ్చి కట్టె ఏది? కనిగిరి, పామూరు వైపు మెట్ట ఊళ్ళలో బోర్లు ఎండిపోవడం, తాగే నీళ్ళలో ఫ్లోరైడు, ఊళ్ళో ఆ చదువుకు తగిన పని లేకపోవడం. చదువు లేనివాళ్ళు కూడా అవే ఊళ్ళ నుంచి హైదరాబాదుకూ బెంగళూరుకూ కూలికి పోతున్నారని నువ్వే తర్వాతి పేజీలో రాశావు. అంటే నీ వ్యాసంలోనే నీ వాక్యానికి ఎదురుసాక్ష్యం ఉన్నది. రెండు పేజీలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివితే, ప్రేమ అనే మాట దానంతట అదే రాలిపోతుంది.

అదే వ్యాసంలో ఊరు ఎప్పుడు చూశావన్నది కూడా ఆలోచించు. పండగకు పోతే వెళ్ళినవాళ్ళంతా కార్లలో, బస్సుల్లో తిరిగి వచ్చి ఉంటారు, వీధులు కిటకిటలాడతాయి, ఊరు పచ్చగా ఉన్నదనిపిస్తుంది. ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం పోతే అరుగుల మీద ముసలివాళ్ళూ, పిల్లలూ తప్ప ఎవరూ ఉండరు, ఊరు చచ్చిపోయిందనిపిస్తుంది. కూలికి పోయినవాళ్ళు పొద్దుగూకాక గాని రారన్నది మధ్యాహ్నం బస్సుకే తిరిగి వచ్చేసేవాడికి తెలియదు. ఊరి గురించి మనం చెప్పే మాట చాలాసార్లు మనం వెళ్ళిన వేళ గురించి చెప్పే మాటే అవుతుంది. వెళ్ళిన వేళ ఏదో వ్యాసంలో చెప్పేస్తే సగం దోషం పోతుంది.

ప్రాంతం పేరు పెట్టి మాట్లాడేటప్పుడు ఇంకొంచెం నిదానం కావాలి. "ప్రకాశం జిల్లా యాస" అని ఒకచోట రాశావు. ఆ జిల్లా 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడింది, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. అంతకుముందు ఒంగోలు, అద్దంకి, చీరాల వైపు గుంటూరు జిల్లాలో, కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలో, మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు జిల్లాలో ఉండేవి. చీరాల చేనేతకారుడి మాటనూ, నల్లమల అంచున ఉన్న గిద్దలూరు రైతు మాటనూ ఒకే యాస అనడానికి వాళ్ళను కలిపి ఉంచింది కలెక్టరాఫీసు తప్ప వేరేది కాదు. 2022 ఏప్రిల్‌లో కందుకూరు మళ్ళీ నెల్లూరు జిల్లాలో కలిసింది, చీరాల బాపట్లలోకి పోయింది. గీత కదిలినంత మాత్రాన మర్నాడు పొద్దున్నే ఎవరి నోట మాట మారలేదు కదా. యాస గురించి రాయాలనుకుంటే పాత తాలూకా పేరుతోనో, ఇంకా మంచిది, ఊరి పేరుతోనో రాయి.

మెచ్చుకోలు కూడా మినహాయింపు కాదు. తిట్టు అయితే ఎవరైనా అడ్డు చెబుతారు, పొగడ్తకు ఎవరూ అడ్డురారు కనుక అది ఇంకా దూరం పోతుంది. నెల్లూరి నెరజాణలు అన్న మాట ఎన్నాళ్ళనుంచో ఉన్నది. వినడానికి సరసంగానే ఉంటుంది. నెల్లూరులో మాట తడబడే పిల్లకు, ఎవరితోనూ కలవలేని పిల్లకు ఆ మాట ఎంత బరువో ఎవరూ అడగలేదు. అటువంటి పిల్ల కథ నువ్వు రాస్తే నేను సంతోషంగా చదువుతాను.

జాగ్రత్త ఎక్కువైనా ప్రమాదమే. నీ చివరి వ్యాసంలో, ఎవరో విమర్శించారని కాబోలు, "కొన్ని సందర్భాలలో కొందరు రైతులు కొంతమేరకు నష్టపోయే అవకాశం లేకపోలేదు" అని రాశావు. ఈ వాక్యాన్ని ఎవరూ కాదనలేరు, ఎందుకంటే అందులో కాదనడానికి ఏమీ లేదు. షరతు తెలిస్తే షరతు రాయి: ఏ రైతులు, కౌలు రైతులా సొంత రైతులా, ఏ పంట, ఏ సంవత్సరం. అంత చెప్పాక ఇక కొన్ని, కొందరు, కొంత అన్న ఊతకర్రలతో పని లేదు, మాటను కుండబద్దలు కొట్టినట్టు చెప్పవచ్చు. హద్దు గీసుకున్న తర్వాత హద్దు లోపల గట్టిగా మాట్లాడడమే పద్ధతి.

కథలలో ఈ వ్యవహారం కొంచెం వేరుగా ఉంటుంది. "ఒంగోలోళ్ళ మాట నమ్మగూడదు" అని ఒక పాత్ర అంటే అది ఒంగోలు గురించిన సమాచారం కాదు, ఆ పాత్ర ఎవరి చేతిలో ఎప్పుడు దెబ్బతిన్నదో అన్న కుతూహలం. అదే మాట కథకుడి గొంతుతో వస్తే అది రచయిత మీద పడే మచ్చ. పాత్రలను వాళ్ళ ఇష్టం వచ్చినట్టు గుండుగుత్తగా మాట్లాడనివ్వు. మనుషులు అలాగే మాట్లాడతారు. కథనంలో మాత్రం నువ్వు తప్పుకో. కావ్యరసం గురించి చెబుతూ ప్రాచీన ఆలంకారికుడు భట్టనాయకుడు సాధారణీకరణమనే ప్రక్రియను ప్రతిపాదించాడు: ఒకానొక మనిషి దుఃఖం వేదిక మీద ఆ మనిషికే పరిమితం కాకుండా చూసేవాడిదీ అవుతుందని. ఆ సిద్ధాంతం మీద పండితులకు నూరు వాదాలున్నాయి, వాటి జోలికి నేను పోను. నాకు పనికొచ్చిన ముక్క ఒకటే. ఆ పని చదివేవాడి మనసులో జరుగుతుంది, జరగాలి. నువ్వు ముందుగానే "లోకంలో ఆడవాళ్ళ బతుకింతే" అని తేల్చేస్తే చదివేవాడికి చేయడానికి పని మిగలదు, వాడు తలూపి పేజీ తిప్పేస్తాడు.

ఇక చేయవలసిన పనులు. పొగాకు వ్యాసంలో ఆ ఒక్క వాక్యం కొట్టేస్తే చాలు, మిగతాది ముట్టుకోకు. సంక్రాంతి వ్యాసంలో మొదటి పేరా మార్చి, పండగనాటికి చేలో ఉన్న పైరు ఏ దశలో ఉంటుందో, చేతిలో డబ్బు లేని ఆ రోజుల్లో పండగ ఖర్చు ఎక్కడినుంచి వస్తుందో మీ నాన్నగారిని అడిగి రాయి. అప్పు తెస్తారా, పాలడబ్బులా, వలసపోయిన పిల్లలు పంపేదా అన్నది ఇంటికొక తీరుగా ఉంటుంది, కనీసం నాలుగు ఇళ్ళు కనుక్కో. కందుకూరు మీద రాసినదానిలో ప్రతి సంగతి పక్కనా సంవత్సరం వెయ్యి; ఏ జిల్లాలో ఉన్నప్పటి మాటో తెలియకపోతే చదివేవాళ్ళు తికమకపడతారు. వలసల వ్యాసానికి తొందర లేదు. ఎండాకాలంలో ఒకసారి పామూరు వైపు వెళ్ళి, రాత్రి అక్కడే ఉండి, కూలి నుంచి వచ్చినవాళ్ళతో మాట్లాడిన తర్వాతే తిరగరాయి. వెళ్ళేముందు ఒక కార్డు ముక్క రాస్తే అక్కడ నాకు తెలిసిన ఒక మాస్టారి చిరునామా పంపుతాను. ఆయన ఇంట్లో బస కుదురుతుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు